మనాస్లు సర్క్యూట్, నూబ్రి లోయ: అక్టోబర్‌లో వెళ్తున్నాం, వెళ్లొచ్చినవాళ్లు చెప్పండి

విజ్జి_బెజవాడ:
అందరికీ నమస్కారం. నేనూ మా ఆయనా ఈ అక్టోబర్‌లో నేపాల్ వెళ్లి మనాస్లు సర్క్యూట్ (మనాస్లు కొండ చుట్టూ తిరిగే ట్రెక్) చేద్దామని గట్టిగా అనుకున్నాం. ఇద్దరికీ నడక అలవాటే, ఉత్తరాఖండ్‌లో చిన్న ట్రెక్‌లు చేశాం, కానీ 5,000 మీటర్ల ఎత్తు ఎప్పుడూ చూడలేదు. ముందు అన్నపూర్ణ అనుకున్నాం, అటు మనాంగ్ దాకా జీపులు పోతున్నాయని విని ఇటు మళ్లాం. యూట్యూబ్‌లో ఏ వీడియో చూసినా లార్క్యా లా పాస్ (కనుమ) దాటిన రోజు గురించే ఉంది. దారిలో ఊళ్లున్నాయి, గోంపాలున్నాయి (బౌద్ధ మఠాలు), అక్కడ మనుషులు బతుకుతున్నారు, వాళ్ల గురించి ఎవరూ నాలుగు మాటలు చెప్పడం లేదు. నాకు పాస్ కన్నా అదే ఎక్కువ తెలుసుకోవాలనుంది. పర్మిట్లు, తిండి (మేం గుడ్డు కూడా తినం), ఎన్ని రోజులు పెట్టుకోవాలి, ఆ ఊళ్లలో ఎలా మసలుకోవాలి, ఏది తెలిస్తే అది చెప్పండి.

కొండగాలి:
విజ్జి గారూ, మంచి దారి ఎంచుకున్నారు. ముందు ఎత్తుల లెక్క చెప్తాను, మిగతావన్నీ దాని మీదే ఆధారపడతాయి. కాఠ్మాండూ నుంచి ఆరుఘాట్, సోతీ ఖోలా మీదుగా మాఛా ఖోలా దాకా జీపులో పోవచ్చు. పొద్దున్నే బయల్దేరితే సాయంత్రానికి చేరతారు, ఆ రోడ్డు మటుకు ఒళ్లు హూనం చేస్తుంది. మాఛా ఖోలా 900 మీటర్ల దరిదాపు, అంటే మన అరకు అంత ఎత్తే. అక్కడి నుంచి బూఢీ గండకీ నదిని పట్టుకుని ఎగువకి నడవడం. జగత్ 1,340, డెంగ్ 1,860, నమ్రుంగ్ 2,630, ల్హో 3,180, సామాగావ్ (సామా అన్నా ఇదే) 3,500 పైచిలుకు, సమ్దో 3,870 దగ్గర్లో, ధర్మశాల (దీన్నే లార్క్యా ఫేదీ అని కూడా అంటారు) 4,460, ఆ పైన లార్క్యా లా 5,106. అవతలి వైపు బీమ్‌తాంగ్, తిలిజే, చివరికి ధారాపానీలో అన్నపూర్ణ దారిలో కలుస్తారు, అక్కడ మళ్లీ జీపు ఎక్కి బేసీసహర్ మీదుగా వెనక్కి.

కింద సగం ఇరుకు లోయ, ఉక్కపోత, జలపాతాలు, గురుంగ్‌ల ఊళ్లు. డెంగ్ దాటాక మనుషుల ముఖాలు, ఇళ్లు, భాష, దేవుళ్లు అన్నీ మారతాయి. నమ్రుంగ్ నుంచి పైనంతా నూబ్రి. అక్కడి వాళ్ల మూలాలు టిబెట్‌వి, బార్లీ, బంగాళాదుంపలు పండిస్తారు, యాక్‌లు మేపుతారు. నా మాట ఒక్కటే: సెలవులు తక్కువైతే ఇంకెక్కడైనా కోసుకోండి గానీ నమ్రుంగ్‌కీ సమ్దోకీ మధ్య కోసుకోకండి. ల్హోలో ఒక రాత్రి, సామాలో కనీసం రెండు, సమ్దోలో కుదిరితే రెండు. ఒంటికి అదే మంచిది, మీరు చూడాలనుకున్న ఊళ్లూ అక్కడే ఉన్నాయి.

సియాటెల్_తెలుగోడు:
అన్నా, నాకు పని నుంచి సెలవు చాలా తక్కువ దొరుకుతుంది, కాఠ్మాండూలో దిగడం, తిరిగి ఫ్లైట్ ఎక్కడం అన్నీ అందులోనే. నేను మారథాన్‌లు పరిగెత్తేవాణ్ణి, ఫిట్‌నెస్ సమస్య లేదు. సామాలో ఆగకుండా నమ్రుంగ్ నుంచి సామా, మర్నాడు సమ్దో, ఆ మర్నాడు ధర్మశాల, తెల్లారేసరికి పాస్. ఇలా చేసిన వాళ్లున్నారని చదివాను. తప్పేంటి?

డాక్టర్_కరీంనగర్:
తమ్ముడూ, ఫిట్‌నెస్‌కీ ఎత్తు జబ్బుకీ సంబంధం లేదు. ఇంకా చెప్పాలంటే ఫిట్‌గా ఉన్నవాళ్లే వేగంగా ఎక్కి ఎక్కువగా ఇరుక్కుంటారు, ఎందుకంటే కాళ్లు సహకరిస్తుంటే తలనొప్పిని పట్టించుకోరు. 3,000 మీటర్లు దాటాక రాత్రి పడుకునే ఎత్తు రోజుకి 500 మీటర్ల కన్నా ఎక్కువ పెరగకూడదు, మూడు నాలుగు రోజులకి ఒకసారి అదే ఎత్తులో ఇంకో రాత్రి ఆగాలి. నువ్వు చెప్పిన ప్లాన్‌లో నమ్రుంగ్ నుంచి సామాకే ఒక్క రోజులో 900 మీటర్లు పెరుగుతున్నావు, ఆపైన సమ్దో నుంచి ధర్మశాలకి దాదాపు 600, విశ్రాంతి ఎక్కడా లేదు.

తలనొప్పితో పాటు వికారం, తిండి సహించకపోవడం, నిద్ర పట్టకపోవడం ఉంటే అక్కడే ఆగాలి, ఎక్కకూడదు. నేల మీద గీత గీసినట్టు అడుగు ముందు అడుగు వేసి నడవమంటే తూలిపోతున్నారంటే మెదడులో వాపు మొదలైనట్టు, కూర్చుని ఉన్నా ఆయాసం తగ్గకపోతే, దగ్గులో నురగ వస్తే ఊపిరితిత్తుల్లో నీరు. ఈ రెంటిలో ఏది కనిపించినా, అర్ధరాత్రి అయినా సరే, కిందికి దింపాలి. తెల్లారాక చూద్దాం అనుకోవడం వల్లే మనుషులు పోతున్నారు.

ఎత్తు జబ్బుకి వాడే డయామాక్స్ మాత్ర గురించి అందరూ అడుగుతారు. నివారణకి మామూలుగా 125 మిల్లీగ్రాములు రోజుకి రెండు సార్లు, ఎక్కడం మొదలుపెట్టే ముందు రోజు నుంచి. సల్ఫా మందులు పడనివాళ్లు ముందే తమ డాక్టర్‌కి చెప్పాలి. వేళ్లు తిమ్మిరెక్కుతాయి, మూత్రం ఎక్కువ పోతుంది, నీళ్లు ఎక్కువ తాగాలి. ఈ మాత్ర వేసుకుంటున్నాం కదా అని విశ్రాంతి రోజు తీసేయకూడదు.

పాలపిట్ట:
డాక్టర్ గారి మాట వినండి. కింది నుంచి కొట్టుకొచ్చే హెలికాప్టర్ సామాలో దిగడం చూశాక ఇంకెవరూ పందెం కాయరు.

విజ్జి గారూ, మీరడిగిన ఊళ్ల సంగతి నేను చెప్తాను, కొంత కాలం కాఠ్మాండూలో పని చేశాను, నూబ్రి పిల్లలు కొంతమంది నాకు బాగా తెలుసు, వాళ్ల ఊళ్లకీ వెళ్లాను.

ముందు మాణి గోడల గురించి. దారి మధ్యలో పొడవాటి రాతి గోడలు కనిపిస్తాయి, పలకల మీద ఓం మణి పద్మే హూం అని టిబెటన్ లిపిలో చెక్కి ఉంటుంది, కొన్ని చోట్ల బుద్ధుడి బొమ్మలు, టిబెట్ యోగి మిలారేపా బొమ్మలు కూడా. బీహి ఊరి శిల్పులు ఈ పనికి పేరుపడ్డారు, ఆ చుట్టుపక్కల పలకల మీద గీత ఎంత సన్నగా ఉంటుందో ఆగి చూడండి. గోడ మీ కుడి చేతి వైపు ఉండేలా నడవాలి, గుళ్లో ప్రదక్షిణ చేసినట్టే. రెండు వైపులా దారి ఉంటుంది, అటు వైపు దారి కొంచెం ఎత్తుపల్లాలున్నా సరే అటే పోవాలి. గైడ్లు, పోర్టర్లు, కంచర గాడిదలు తోలేవాళ్లు, అందరూ అలాగే పోతారు. ఛోర్టెన్‌లకీ (స్తూపాలకి) అంతే, మాణి చక్రాలు తిప్పేదీ అటే.

ఊరి మొదట్లో ద్వారం లాంటి కట్టడం వస్తుంది, దాన్ని కని అంటారు. దాని కింద నుంచి నడిచి పోతూ తల పైకెత్తండి. పైకప్పుకి మండలాలు గీసి ఉంటాయి, పక్క గోడల మీద దేవతలు. బయట నుంచి వచ్చే చెడు ఊళ్లోకి రాకుండా అక్కడే ఆగిపోతుందని వాళ్ల నమ్మకం. ఎక్కువమంది ఫోన్ చూసుకుంటూ దాని కిందుగా దాటిపోతారు, అది చూస్తే బాధేస్తుంది.

గోంపాలో లామా గారు పెళ్లయిన మనిషై, పక్కింట్లో ఆయన భార్యా పిల్లలూ ఉంటే ఆశ్చర్యపోకండి. నూబ్రిలో ఎక్కువ టిబెటన్ బౌద్ధంలోని న్యింగ్‌మా సంప్రదాయం, లామా వంశాలు తండ్రి నుంచి కొడుక్కి వస్తాయి. వాళ్లే పొలం దున్నుతారు, వాళ్లే చావుకీ పుట్టుకకీ పూజ చేస్తారు. మనం బౌద్ధం అంటే ధ్యానం, మౌనం అని పుస్తకాల్లో చదువుకుంటాం. అక్కడ మాత్రం వడగళ్లు పడకుండా, యాక్‌లకి రోగం రాకుండా, పోయినవాళ్ల దారి సుగమం కావడానికి రోజూ చేసే పని అది.

చలిమంట:
పాలపిట్ట గారూ, గోంపా లోపల ఫొటోలు తీయొచ్చా? డ్రోన్ సంగతేంటి?

పాలపిట్ట:
లోపల అడగకుండా తీయకండి. తీయనిస్తే ఫ్లాష్ వద్దు, గోడ మీద రంగులు పాతవి. పూజ జరుగుతుంటే కెమెరా లోపల పెట్టేయండి. చెప్పులు విప్పి, టోపీ తీసి, ఎడమ వైపు నుంచి మొదలుపెట్టి కుడివైపుగా తిరిగి రండి. కాళ్లు విగ్రహాల వైపు చాపి కూర్చోకూడదు. హుండీలో మీకు తోచినంత వేయండి, వెన్న దీపం వెలిగించాలంటే అక్కడున్నవాళ్లని అడిగితే వాళ్లే ఇస్తారు. మాణి పలక ముక్క ఒక్కటి కూడా ఇంటికి తెచ్చుకోకండి, ఎంత చిన్నదైనా.

డ్రోన్‌కి నేపాల్‌లో ముందే ప్రభుత్వ అనుమతి తీసుకోవాలి, ఇది టిబెట్ సరిహద్దు ప్రాంతం కూడా. అదలా ఉంచండి, పూజ జరిగే చోట నెత్తి మీద అది మోగుతుంటే మీ ఊరి గుళ్లో ఒప్పుకుంటారా?

చలిమంట:
లేదు. ఇంట్లోనే వదిలేసి వెళ్తాను.

కొండగాలి:
విజ్జి గారు పర్మిట్ల సంగతి అడిగారు కదా. ఇది నిషిద్ధ ప్రాంతం, అంటే రిజిస్టర్డ్ ఏజెన్సీ ద్వారానే, లైసెన్స్ ఉన్న గైడ్‌తోనే వెళ్లాలి. ఈ నిషిద్ధ ప్రాంతం పర్మిట్‌కి సెప్టెంబర్ నుంచి నవంబర్ దాకా మొదటి వారానికి 100 డాలర్లు, ఆపైన రోజుకి 15 డాలర్లు. మిగతా నెలల్లో 75, తర్వాత రోజుకి 10. దీనికి తోడు మనాస్లు సంరక్షణ ప్రాంతం పర్మిట్, ధారాపానీ వైపు దిగుతారు కాబట్టి అన్నపూర్ణ సంరక్షణ ప్రాంతం పర్మిట్. ఈ రెండూ సార్క్ దేశాల వాళ్లకి ఒక్కోటి 1,000 నేపాలీ రూపాయలు, ఇతరులకి 3,000. రుసుములు, నిబంధనలు మారుతుంటాయి, డబ్బు కట్టే ముందు ఆ నెల లెక్క ఏజెన్సీని అడిగి రాతపూర్వకంగా తీసుకోండి. మనకి నేపాల్‌లోకి వెళ్లడానికి ఓటర్ కార్డు చాలుతుంది గానీ ఈ పర్మిట్ కోసం పాస్‌పోర్టు పెట్టుకోండి, జగత్ దగ్గర చెక్‌పోస్టులో కాగితాలు చూస్తారు.

ఇన్సూరెన్స్ తీసుకునేటప్పుడు అది 5,000 మీటర్లు దాటినా వర్తిస్తుందా, హెలికాప్టర్ రెస్క్యూ ఉందా అని చూడండి. చాలా పాలసీలు 4,000 దగ్గరే ఆగిపోతాయి.

రైలుబండి:
ఫ్లైట్ ఖర్చు ఎక్కువ అనుకునేవాళ్లకి: గోరఖ్‌పూర్ దాకా రైల్లో వెళ్లి సునౌలీ సరిహద్దు దాటి బస్సులో కాఠ్మాండూ చేరొచ్చు, లేదంటే రక్సౌల్ వైపు నుంచి. డబ్బు మిగులుతుంది, రెండు రోజులు పోతాయి. దసరా దగ్గర వెళ్తున్నారంటే జాగ్రత్త, వాళ్లకి దశైన్ పెద్ద పండగ, బస్సులు కిక్కిరిసిపోతాయి, ఆఫీసులు మూసేస్తారు, పర్మిట్ పని ఆ సెలవుల్లో ఇరుక్కుంటుంది. నగదు అంతా కాఠ్మాండూలోనే నేపాలీ రూపాయల్లో తీసుకోండి, ఎగువన ఏటీఎంలు ఉండవు. సిమ్ కూడా అక్కడే, నూబ్రి వైపు నేపాల్ టెలికామ్‌దే కాస్త దొరుకుతుంది.

విజ్జి_బెజవాడ:
అందరికీ చాలా థాంక్స్. డాక్టర్ గారూ, మా ఆయనకి బీపీ ఉంది, మాత్రలు వాడుతున్నారు, అదుపులోనే ఉంది. వెళ్లొచ్చా? ఇంకా తిండి సంగతి ఎవరైనా చెప్పండి.

డాక్టర్_కరీంనగర్:
అదుపులో ఉంటే బీపీ ఒక్కటే అడ్డు కాదమ్మా. కానీ ఏ మాత్రలు వాడుతున్నారో చూసే ఆయన డాక్టర్‌ని అడిగి బయల్దేరండి, డయామాక్స్‌తో కలిపితే కొన్ని మాత్రల విషయంలో చూసుకోవాల్సి ఉంటుంది. ఇక్కడ నేను పేరు చూడకుండా చెప్పడం సరికాదు.

పాలపిట్ట:
తిండికి దిగులు లేదు. దాల్ భాత్ అన్ని చోట్లా ఉంటుంది. అన్నం, పప్పు, ఒక కూర, కొంచెం పచ్చడి, అడిగితే మళ్లీ వడ్డిస్తారు, అదే ధరలో. గుడ్డు వద్దని గైడ్‌కి మొదటి రోజే చెప్పండి, నూడుల్స్‌లో, ఫ్రైడ్ రైస్‌లో వేసేస్తారు. మాంసం ఎగువన తినేవాళ్లు కూడా ఆలోచించుకోవాలి, కింది నుంచి రోజుల తరబడి మోసుకొస్తారు. ఆవకాయ, కందిపొడి, కరివేపాకు పొడి ఒక్కో చిన్న డబ్బా పట్టుకెళ్లండి, సామాలో నోరు చప్పబడ్డప్పుడు ప్రాణం లేచొస్తుంది. టీ హౌస్ (దారిలో బస, తిండి దొరికే లాడ్జి) వాళ్లకి కూడా పెట్టండి, మా లాడ్జి దీదీకి ఆవకాయ తెగ నచ్చింది.

ఎవరింట్లోనైనా కూర్చోమంటే త్సాంపా, ఉప్పు వెన్న టీ ఇస్తారు. త్సాంపా అంటే వేయించిన బార్లీ పిండి, టీలో కలిపి ముద్ద చేసుకుని తింటారు. ఆ టీని టీ అనుకుని తాగితే మింగుడు పడదు, వెన్న వేసిన పలచటి చారు అనుకుంటే హాయిగా దిగుతుంది. రెండు గుక్కలు తాగగానే కప్పు మళ్లీ నింపుతారు, అది మర్యాద. ఇక చాలనుకుంటే నిండు కప్పు అలాగే ఉంచి లేచేటప్పుడు తాగేయండి.

సియాటెల్_తెలుగోడు:
సరే, సెలవు పొడిగించమని అడిగాను, ఒప్పుకున్నారు. సామాలో రెండు రాత్రులు పెట్టాను. ఆ ఖాళీ రోజు ఏం చేయాలి? బేస్ క్యాంప్ పోవాలా?

కొండగాలి:
మంచి పని చేశావు. బేస్ క్యాంప్ 4,800 మీటర్ల పైన, బాగా ఎత్తు. కాళ్లున్నాయి కదా అని పోకు, ఒంట్లో బాగుంటేనే. నన్నడిగితే పుంగ్యెన్ గోంపాకి పో. సామాకి కొంచెం దిగువన, శ్యాలా వైపు నుంచి పైకి చీలే దారిలో ఉంటుంది, ఎక్కాక మనాస్లు తూర్పు ముఖం ఎదురుగా నిలబడుతుంది. అటు ఓపిక లేకపోతే బీరేంద్ర తాల్ దగ్గరే, మంచునది కరిగి నిలిచిన సరస్సు.

పుంగ్యెన్ గోంపా కథ తెలుసుకుని వెళ్తే ఆ చోటు వేరేలా కనిపిస్తుంది. సామా వాళ్లకి మనాస్లు దేవుడి కొండ, ఆ దేవుడి పేరే పుంగ్యెన్. 1953లో జపాన్ బృందం ఆ కొండ ఎక్కడానికి వచ్చి శిఖరం అందకుండానే వెనక్కి తిరిగింది. ఆ తర్వాత మంచు చరియ పడి గోంపా కూలిపోయి లోపలున్నవాళ్లు చనిపోయారు. దేవుడికి కోపం వచ్చిందని ఊరివాళ్లు నిశ్చయించుకున్నారు. 1954లో జపాన్ వాళ్లు మళ్లీ వస్తే సామా జనం దారికి అడ్డం నిలబడ్డారు. వాళ్లు ఇక చేసేది లేక గణేశ్ హిమాల్ వైపు మళ్లిపోయారు. 1956లో మళ్లీ వచ్చి, మే 9న తోషియో ఇమానిషి, గ్యాల్జెన్ నోర్బు శిఖరం చేరారు. 8,163 మీటర్లు, ప్రపంచంలో ఎనిమిదో ఎత్తైన శిఖరం. గోంపా తిరిగి కట్టడానికి జపాన్ వాళ్లు డబ్బిచ్చారు గానీ ఊరివాళ్ల మనసు అంత తేలిగ్గా మారలేదు.

ఈ కథని పర్వతారోహణ పుస్తకాల్లో స్థానికుల మూఢనమ్మకం అని ఒక వాక్యంలో రాసి వదిలేస్తారు. నాకది ఒప్పుకోబుద్ధి కాదు. అయినవాళ్లు పోయారు, గుడి పోయింది, ఆ కొండ కిందే పుట్టి అక్కడే చచ్చేది వాళ్లు. వద్దు అనే హక్కు వాళ్లకి ఉంది.

పాలపిట్ట:
ఇంకొక్కటి కలుపుతాను, దీన్ని ఎవరూ గుర్తు పెట్టుకోరు. 1974లో జపాన్ మహిళల బృందం ఇదే మనాస్లు ఎక్కింది, 8,000 మీటర్లు దాటిన శిఖరం మీద ఆడవాళ్లు అడుగుపెట్టడం అదే మొదటిసారి. విజ్జి గారూ, సామాలో నిలబడినప్పుడు తలుచుకోండి.

అమరావతి_శ్రీను:
ఆలస్యంగా చూశాను ఈ చర్చ. మాది అమరావతి పక్క ఊరు. నేను ఆ దారిలో వెళ్లినప్పుడు ల్హోలో రిబుంగ్ గోంపా దగ్గర ఒక పెద్ద వయసు భిక్షువు మీదెక్కడ అని హిందీలో అడిగారు. ఆంధ్ర అన్నాను, అర్థం కాలేదు. అమరావతి అన్నాను, వెంటనే నా రెండు చేతులూ పట్టుకున్నారు. 2006 జనవరిలో దలైలామా మా ఊళ్లో టిబెటన్ బౌద్ధుల కాలచక్ర దీక్ష ఇచ్చినప్పుడు ఆయన వచ్చారట, కృష్ణలో స్నానం చేశారట, ఎండ గురించి చెప్పి నవ్వారు. టిబెటన్ సంప్రదాయంలో బుద్ధుడు కాలచక్రాన్ని మొదట బోధించింది ధాన్యకటకంలోని స్తూపం దగ్గరే. అంటే మా ధరణికోట. ఆ కొండల్లో చదువుకున్న ప్రతి లామాకీ ఆ పేరు తెలుసు, మా ఊరి కుర్రాళ్లలో సగం మందికి తెలియదు.

లోపల గోడ మీద నాగార్జునుడి బొమ్మ కూడా చూపించారు. తల వెనక పాములు పడగ పట్టి ఉంటాయి, అది చూసి గుర్తుపట్టొచ్చు. గురు రింపోఛేని కూడా గుర్తుపట్టడం తేలికే, సన్నటి మీసం, చేతిలో వజ్రాయుధం, ఒడిలో కపాల పాత్ర, భుజానికి ఆనించిన దండం. అందరికన్నా ఎక్కువగా కనిపించేది ఆయనే. ఎనిమిదో శతాబ్దంలో టిబెట్‌కి బౌద్ధం తీసుకెళ్లిన పద్మసంభవుడే గురు రింపోఛే. లోకంలో చెడు కాలం వచ్చినప్పుడు తలదాచుకోవడానికి ఆయన కొన్ని లోయల్ని దాచిపెట్టాడనీ, వాటిలో క్యిమోలుంగ్ అనే లోయ ఈ నూబ్రి, త్సుమ్ ప్రాంతమేననీ అక్కడివాళ్ల నమ్మకం. వెళ్లేముందు మా అమరావతి మ్యూజియం, నాగార్జునకొండ ఒకసారి చూసి వెళ్లండి. అక్కడి చెక్కడాల్లోని స్తూపాలకీ ఎగువన కనిపించే ఛోర్టెన్‌లకీ చుట్టరికం మీ కళ్లకే కనిపిస్తుంది.

విజ్జి_బెజవాడ:
శ్రీను గారూ, బెజవాడలో ఉండి నాకిది తెలియదు. ఈ ఆదివారమే అమరావతి వెళ్తున్నాం. త్సుమ్ అన్నారు కదా, అది కూడా కలుపుకోవచ్చా?

పాలపిట్ట:
వారం పైన ఇంకా సెలవు ఉంటేనే కలుపుకోండి, లేకపోతే అదొక్కటే పెట్టుకుని ఇంకోసారి వెళ్లండి. ఫిలిం దాటాక లోక్‌పా వైపు చీలుతుంది, పర్మిట్ వేరే. 2008 దాకా బయటివాళ్లకి తెరవలేదు. త్సుమ్ వాళ్లు 1920లో ఊరంతా కలిసి ఒట్టు పెట్టుకున్నారు, లోయలో ఏ జీవినీ చంపకూడదని. వేట లేదు, వల లేదు, ఉచ్చు లేదు, తేనె పట్టు కొట్టడం లేదు, అడవికి నిప్పు పెట్టడం లేదు. ఆ మాట మీద ఇప్పటికీ నిలబడ్డారు, దాన్ని శ్యాగ్యా అంటారు. మిలారేపా ధ్యానం చేశాడని చెప్పే పిరెన్ ఫూ గుహ, రాచెన్ దగ్గర భిక్షుణుల గోంపా, ఇంకా పైకి పోతే మూ గోంపా. మీలాంటి శాకాహారులకి మనసు నిండుతుంది అక్కడ.

చలిమంట:
పిల్లలకి చాక్లెట్లు, పెన్నులు తీసుకెళ్దామనుకుంటున్నా. మంచిదేనా?

పాలపిట్ట:
వద్దు భయ్యా. దారిలో పంచితే పిల్లలు చేతులు చాపడం నేర్చుకుంటారు, ఆ ఎత్తులో పళ్ల డాక్టర్ కూడా ఉండడు. ఇవ్వాలనుకుంటే ఊరి బడిలో టీచర్ చేతికి ఇవ్వండి.

పిల్లల గురించి ఇంకో మాట. నూబ్రిలో మీకు ముసలివాళ్లు, చంటి పిల్లలు కనిపిస్తారు, మధ్య వయసు పిల్లలు తక్కువ. చాలామందిని చిన్నప్పుడే కాఠ్మాండూ హాస్టళ్లకో, మఠాలకో పంపేస్తారు. చదువు కోసమే, తల్లిదండ్రుల ఆశ కూడా అదే. కానీ అలా వెళ్లినవాళ్లలో చాలామంది తిరిగి రారు, బార్లీ కోయడానికి చేతుల్లేవు, తర్వాతి లామా ఎవరన్న ప్రశ్న కొన్ని ఇళ్లలో నిజంగానే ఉంది. నాకు తెలిసిన అమ్మాయి ఒకతి సొంత నాన్నతో ఫోన్‌లో మాట్లాడుతూ నూబ్రి మాట తడుముకునేది. గోంపా అందాన్ని ఫొటో తీసేవాళ్లు ఇది కూడా తెలుసుకోవాలని నా కోరిక.

కొండగాలి:
నిజం. దానికి తోడు యార్సాగుంబా. మే, జూన్‌లలో మంచు కరగగానే ఊళ్లకి ఊళ్లు కొండెక్కేస్తాయి, పురుగులో పుట్టే ఆ శిలీంధ్రాన్ని ఏరడానికి. నగదు వచ్చేది దాని నుంచే, టీ హౌస్ కట్టింది ఆ డబ్బుతోనే, పిల్లల హాస్టల్ ఫీజు కట్టేదీ అదే. సమ్దో వాళ్లదైతే ఇంకో కథ, సరిహద్దు అవతల నుంచి వచ్చి స్థిరపడ్డ జనం, టిబెట్‌తో వ్యాపారం మీద బతికినవాళ్లు. వాళ్లింట్లో పొయ్యి పక్కన కూర్చుంటే ఆ సంగతులన్నీ చెప్తారు, గైడ్ చేత అడిగించండి.

అందుకే టీ హౌస్‌లు చూసుకునేటప్పుడు ఊరివాళ్లు నడిపేవి ఎంచుకోండి. గది చవక, తిండి మీదే వాళ్ల రాబడి, కాబట్టి ఎక్కడ పడుకుంటే అక్కడే తినండి. 2015 ఏప్రిల్ 25 భూకంపం కేంద్రం ఇదే గోర్ఖా జిల్లాలో బర్పాక్ దగ్గర. దారులు తెగిపోయి, ఊళ్లు నేలమట్టమయ్యాయి. రేకుల కప్పులు కనిపిస్తే అందం పోయిందని బాధపడకండి, అవి ఆ తర్వాత వాళ్లు సొంత చేతులతో కట్టుకున్న ఇళ్లు.

సియాటెల్_తెలుగోడు:
పాస్ రోజు ఎలా ఉంటుందో కూడా రెండు ముక్కలు చెప్పండి, టెన్షన్‌గా ఉంది.

కొండగాలి:
ధర్మశాలలో నిద్ర పట్టదు, దాని గురించి కంగారు పడకు. తెల్లవారుజామున మూడూ నాలుగు మధ్య బయల్దేరతారు, ఎందుకంటే ఎండెక్కే కొద్దీ గాలి పెరుగుతుంది. ఎక్కడం నిదానంగానే ఉంటుంది, బండరాళ్ల మధ్య పొడవుగా సాగుతుంది. పైన లుంగ్‌తా (ప్రార్థన) జెండాలు, నీలం, తెలుపు, ఎరుపు, ఆకుపచ్చ, పసుపు, ఎప్పుడూ అదే వరసలో. వాటిని తొక్కకూడదు, ఫొటో కోసం లాగకూడదు. ఎదురుగా హిమ్‌లుంగ్, కాంగ్ గురు, అన్నపూర్ణ 2. అసలు కష్టం దిగడంలో ఉంది, బీమ్‌తాంగ్ దాకా 1,400 మీటర్లు దిగాలి, మొదట్లో నిటారు, మంచు గడ్డకట్టి ఉంటే జారుతుంది. బూట్లకి తగిలించుకునే మైక్రోస్పైక్స్, ట్రెక్కింగ్ పోల్స్ తప్పకుండా ఉండాలి. ముందు రోజు మంచు పడుతుంటే గైడ్ ఆగుదామంటే ఆగు, ఎదురు మాట్లాడకు.

డాక్టర్_కరీంనగర్:
పోర్టర్ల సంగతి ఎవరూ ఎత్తలేదు. ఎత్తు జబ్బు వాళ్లకీ వస్తుంది, చాలామంది కింది ఊళ్ల వాళ్లే. ఒక్కరి మీద 30 కిలోలు దాటి ఎక్కించకండి, ఇద్దరికి కలిపి ఒక పోర్టర్ అంటే మీ సామాను ఇంట్లోనే తూచుకోండి. వాళ్లకి ఇన్సూరెన్స్ ఉందా, పాస్ రోజుకి సరైన జాకెట్, బూట్లు, కళ్లద్దాలు ఉన్నాయా అని ఏజెన్సీని ముందే అడగండి. పోర్టర్‌కి తలనొప్పి వస్తే ఒంటరిగా కిందికి పంపేయకూడదు, తోడు ఇచ్చి పంపాలి.

విజ్జి_బెజవాడ:
మా ప్లాన్ మార్చాం. దశైన్ అయ్యాక అక్టోబర్ రెండో సగంలో బయల్దేరతాం, తేదీలు ఏజెన్సీతో మాట్లాడి ఖాయం చేస్తాం. ల్హోలో ఒకటి, సామాలో రెండు, సమ్దోలో రెండు రాత్రులు. పాస్ దగ్గర వాతావరణం కోసం ఒక రోజు అదనం. మా ఆయన డాక్టర్ అపాయింట్‌మెంట్ కూడా తీసుకున్నాం. త్సుమ్ ఈసారికి వదిలేశాం. ఒక్క ప్రశ్న మిగిలింది, లామా గారికి ఖతా (గౌరవంగా ఇచ్చే కండువా) కప్పాలా, చేతికివ్వాలా?

పాలపిట్ట:
రెండు చేతులా పట్టుకుని, తల వంచి ఆయన చేతుల్లో పెట్టండి. ఆయనే తిరిగి మీ మెడలో వేస్తారు. ఖతాలు కాఠ్మాండూలో బౌద్ధనాథ్ స్తూపం చుట్టూ ఉన్న కొట్లలో దొరుకుతాయి, నాలుగైదు కొనుక్కోండి, నూబ్రి వాళ్లు శీతాకాలంలో చాలామంది ఆ చుట్టుపక్కలే ఉంటారు. కొట్టువాళ్లకి సామా వెళ్తున్నామని చెప్పండి, ఎవరో ఒకరు వాళ్ల అమ్మకి మందులో, ఉత్తరమో ఇచ్చి పంపుతారు.